ఎంటర్‌ను ట్యాబ్‌గా మార్చడానికి కంప్యూటర్ మొత్తాన్ని పట్టుకోవలసిన పనిలేదు

ముందుగా మీ సమస్యను నా మాటల్లో చెబుతాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం కోసం సీ షార్ప్‌లో, విన్‌ఫార్మ్స్ (విండోస్ తెరలు తయారుచేసే లైబ్రరీ) మీద బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నారు. గుమాస్తా గారి ఎడమ చేయి కాటా చీటీల మీద, కుడి చేయి నంబర్ ప్యాడ్ మీద ఉంటుంది. ఆ కుడి చేయి అక్కడి నుంచి కదలకుండా పని సాగాలి. ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి వెళ్లాలి, ప్లస్ నొక్కితే కొత్త వరుస రావాలి, మైనస్ నొక్కితే వరుస పోవాలి. ఇందుకోసం ఎంటర్‌ను ట్యాబ్‌గా మార్చేలా మొదట విండోస్ కీబోర్డు హుక్, అంటే నొక్కిన మీటలను దారిలోనే పట్టుకునే కోడ్, వేశారు. దాంతో బ్రౌజర్‌లో కూడా ఎంటర్ ట్యాబ్‌గా మారిపోయింది, మీ సేవ్ బటన్ మీద ఎంటర్ నొక్కినా బిల్లు సేవ్ కాలేదు. హుక్ తీసేసి ఫారానికి కీప్రివ్యూ (మీటలను గడుల కంటే ముందు ఫారానికి చూపే అమరిక) పెట్టి, మీట నొక్కినప్పుడు నడిచే కీడౌన్ ఈవెంట్‌లో రాసి చూస్తే, గ్రిడ్‌లో (వరుసలు, గడుల పట్టికలో) అంకె టైపు చేస్తుండగా నొక్కిన ఎంటర్ మీ కోడ్ దాకా రాకుండానే కింది వరుసకు దూకుతోంది.

విజయవాడ, గుంటూరుల్లో దుకాణాలకు ఇలాంటి ప్రోగ్రాంలు రాస్తూ ఇరవై ఏళ్లు గడిపినవాడిని. మీరు పడిన రెండు గోతుల్లోనూ నేను పడ్డాను. అందుకే కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

హుక్ సంగతి మొదట తేల్చేద్దాం. మీరు వాడినది లో-లెవెల్ కీబోర్డు హుక్. పిల్లకాలువ తూము దగ్గర చేయవలసిన పనిని అది ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర చేస్తుంది. మీ చేనుకు నీళ్లు మళ్లుతాయి, నిజమే. దిగువన ఉన్న వాళ్లందరి నీళ్లూ మళ్లుతాయి. ఆ కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాంలో ఎవరు ఏ మీట నొక్కినా అది ముందు మీ కోడ్ గుండా వెళ్లాలి. మీ ప్రోగ్రాం పెద్ద రిపోర్టు తయారు చేస్తూ ఒక్క క్షణం స్తంభించిందంటే, పక్క విండోలో టైపు చేస్తున్న అక్షరాలు కూడా ఆగిపోతాయి. హుక్ సకాలంలో జవాబివ్వకపోవడం కొనసాగితే విండోస్ 7 నుంచి వ్యవస్థే ఆ హుక్‌ను చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. తీసేసినట్టు మీ ప్రోగ్రాంకు తెలిసే మార్గం కూడా లేదు. ‘పొద్దున పనిచేసింది, మధ్యాహ్నం నుంచి పనిచేయడం లేదు’ అనే ఫోన్లకు ఇది ఒక కారణం. ఇంకొకటి, సీ షార్ప్‌లో హుక్‌కు ఇచ్చిన డెలిగేట్‌ను (మీ మెథడ్‌ను సూచించే వస్తువును) ఎక్కడా భద్రంగా పట్టి ఉంచకపోతే చెత్త ఏరివేతలో (గార్బేజ్ కలెక్షన్‌లో) అది కొట్టుకుపోయి ప్రోగ్రాం కూలిపోతుంది.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. అదే కంప్యూటర్‌లో ఆ కమీషన్ వ్యాపారి బ్యాంకు వెబ్‌సైటు తెరిచి రైతులకు డబ్బు పంపుతాడు. ఆయన పాస్‌వర్డులోని ప్రతి అక్షరం మీ హుక్ గుండా వెళుతుంది. మీరు దాచుకోరు, నాకు తెలుసు. యాంటీవైరస్‌కు తెలియదు. అది మీ ప్రోగ్రాంను దొంగగా చూస్తే తప్పు దానిది కాదు.

ఇక అసలు విషయం. మీట నొక్కినప్పటి నుంచి గడిలో అంకె కనిపించే వరకు విన్‌ఫార్మ్స్‌లో చాలా తూములు ఉన్నాయి. విండోస్ నుంచి వచ్చే సందేశం ముందుగా ప్రోగ్రాం స్థాయి మెసేజ్ ఫిల్టర్లను దాటుతుంది. తర్వాత ఏ కంట్రోల్ (గడి, బటన్ లాంటిది) మీద ఫోకస్ ఉందో, అంటే మీటలను ఏది అందుకుంటోందో, దాని ప్రాసెస్‌సీఎండీకీ అనే మెథడ్‌కు వస్తుంది. అది కాదంటే ఆ కంట్రోల్ తల్లికి, అంటే దాన్ని తనలో ఉంచుకున్న కంట్రోల్‌కు, ఆ పైన దాని తల్లికి, అలా ఫారం వరకు పైకి వెళుతుంది. అక్కడా ఎవరూ అందుకోకపోతే, ఇది తనకు కావలసిన మీటేనా అని విన్‌ఫార్మ్స్ ఆ కంట్రోల్‌ను అడుగుతుంది. వద్దంటే ప్రాసెస్‌డైలాగ్‌కీ అనే మరో మెథడ్ మళ్లీ కింది నుంచి పైకి ప్రయాణిస్తుంది. ట్యాబ్‌తో ఫోకస్ మారడం, ఎంటర్‌తో డిఫాల్ట్ బటన్ నొక్కుకోవడం జరిగేది ఇక్కడే. ఇదంతా అయ్యాకే మీరు రాసిన కీడౌన్ ఈవెంట్ వంతు వస్తుంది. ఆ తర్వాత కీప్రెస్ వస్తుంది.

ఇప్పుడు మీ గ్రిడ్ సమస్య చూడండి. గడిలో అంకె వేస్తున్నప్పుడు ఫోకస్ ఉండేది గ్రిడ్ మీద కాదు. గ్రిడ్ ఆ గడిలో తాత్కాలికంగా కూర్చోబెట్టిన చిన్న టెక్స్ట్‌బాక్స్ మీద. ఎంటర్ నొక్కగానే సందేశం ఆ టెక్స్ట్‌బాక్స్ నుంచి ప్రాసెస్‌డైలాగ్‌కీ దారిలో పైకి వెళుతూ డేటాగ్రిడ్‌వ్యూ (విన్‌ఫార్మ్స్‌లోని గ్రిడ్ కంట్రోల్) చేతిలో పడుతుంది. అది తన అలవాటు ప్రకారం కింది వరుసకు దిగి, పని అయిపోయిందని చెప్పేస్తుంది. ఫారం కీడౌన్ దాకా ఆ ఎంటర్ ఇక రాదు. మీ కోడ్‌లో తప్పు లేదు, దాన్ని దిగువన పెట్టారు, అంతే.

కాబట్టి చేయవలసింది ఇది. డేటాగ్రిడ్‌వ్యూ నుంచి మీ సొంత గ్రిడ్ క్లాసు ఒకటి తయారు చేసుకుని, అందులో ప్రాసెస్‌సీఎండీకీని ఓవర్‌రైడ్ చేయండి, అంటే దాని స్థానంలో మీ సొంత కోడ్ రాయండి. గడిలోని టెక్స్ట్‌బాక్స్‌కు గ్రిడ్డే పైవాడు కనుక, ఎడిట్ చేస్తున్నా చేయకపోయినా ఎంటర్ ముందు ఇక్కడికే వస్తుంది. అక్కడ ముందుగా ఎండ్‌ఎడిట్ (గడిలో టైపు చేసినదాన్ని ఖాయం చేసే మెథడ్) పిలవండి. అది కుదరలేదని చెబితే, అంటే బరువు గడిలో అక్షరాలు పడి ఉంటే, కదలకండి. కుదిరితే కరెంట్‌సెల్‌ను కుడి పక్క గడికి మార్చండి. చివరి గడి అయితే కింది వరుస మొదటి గడికి పంపండి. ఈ క్రమం తిరగేసి ముందే కరెంట్‌సెల్ మార్చబోతే, గడిలోని విలువ చెల్లనప్పుడు ఎక్సెప్షన్ మీ ముఖాన పడుతుంది. పని చేశాక మెథడ్ నుంచి ట్రూ తిరిగి ఇవ్వడం మరవకండి. మరిచిపోతే మీరు ఒకసారి, గ్రిడ్ ఒకసారి కదిలి కర్సర్ ఏటవాలుగా పోతుంది.

గ్రిడ్ బయటి గడులకు, అంటే రైతు పేరు, ఊరు, తేదీ లాంటివాటికి, ఫారం ప్రాసెస్‌సీఎండీకీలో ఇదే పని చేయండి. అయితే మొదటి వరుసలోనే ఒక తనిఖీ పెట్టండి. ఫోకస్ బటన్ మీద ఉంటే ఎంటర్ జోలికి పోకుండా బేస్ క్లాసుకు, అంటే విన్‌ఫార్మ్స్ సొంత కోడ్‌కు, వదిలేయాలి. హుక్ వేసినప్పుడు మీ సేవ్ బటన్ మొరాయించింది అందుకే. ఎంటర్ దాని దాకా చేరలేదు, ట్యాబ్‌గా మారి దాన్ని దాటిపోయింది. తెరిచి ఉన్న కాంబోబాక్స్ జాబితాకు కూడా అదే మర్యాద ఇవ్వండి. తేజ, 341, బాడిగ అని రకాల జాబితా కిందికి దిగి ఉన్నప్పుడు నొక్కే మొదటి ఎంటర్ జాబితాది. అది ఎంపిక చేసి మూసుకున్నాక రెండోది మీది.

తర్వాతి గడికి వెళ్లడానికి, మీట నొక్కినట్టు నటించే సెండ్‌కీస్‌తో ట్యాబ్ పంపే సలహా మీకు చాలాచోట్ల కనిపిస్తుంది. వద్దు. విజువల్ బేసిక్ 6 వాడే రోజుల్లో నేనూ అదే చేసేవాడిని. సెండ్‌కీస్ పిలిచినప్పుడు కొన్ని కంప్యూటర్లలో నమ్‌లాక్ దీపం ఆరిపోయేది. నంబర్ ప్యాడ్ మీద బతికే గుమాస్తాకు అంతకంటే శాపం ఏముంటుంది? మీకు కావలసింది ట్యాబ్ మీట కాదు, తర్వాతి గడి. దానికి సెలెక్ట్‌నెక్స్ట్‌కంట్రోల్ అనే మెథడ్ ఉంది, నేరుగా దాన్ని పిలవండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ‘ఎంటర్‌ను ట్యాబ్‌గా మార్చడం’ అనే ఆలోచనే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఒక మీటను ఇంకో మీటగా మార్చకండి. మీటకు ఒక పని అప్పగించండి. ఎంటర్ అంటే ‘తర్వాతి గడి’, ప్లస్ అంటే ‘కొత్త వరుస’. ఇలా రాసుకుంటే ఒక మీట ఇంకో మీటను పుట్టించి, అది మళ్లీ మీ కోడ్‌లోకే వచ్చి తిరుగుడు పడే బాధ ఉండదు.

రెండో పెద్ద గొయ్యి మీట వేరు, అక్షరం వేరు అన్నది మరిచిపోవడం. విజయవాడ వస్త్రలతలో ఒక చీరల దుకాణానికి నేను రాసిన ప్రోగ్రాం కథ చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. అందులో నేను కూడా మైనస్‌కు వరుస తొలగించే పని ఇచ్చాను. కీప్రెస్ ఈవెంట్‌లో మైనస్ అక్షరం వచ్చిందా అని చూసేవాడిని. కొన్ని నెలలు హాయిగా నడిచింది. తర్వాత ఒక కొత్త సరఫరాదారు నుంచి వచ్చిన చీరలకు బార్‌కోడ్ నంబరు మధ్యలో అడ్డగీత ఉంది. బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది, చదివినదాన్ని టైపు చేసి చివర ఎంటర్ కొడుతుంది. ఆ చీర స్కాన్ చేస్తే బిల్లులో చేరవలసింది పోయి, అంతకుముందు వేసిన చీర మాయమయ్యేది. దసరా గిరాకీలో ఎన్ని చీరలు లెక్కలో పడకుండా వెళ్లాయో ఆ యజమాని నాకు చెప్పలేదు, నేను అడిగే సాహసం చేయలేదు.

పరిష్కారం ఒక్క వరుస మార్పు. నంబర్ ప్యాడ్ మీది మైనస్ మీటకు విండోస్ ఇచ్చే కోడ్ 109. పై వరుసలో సున్నా పక్కన ఉండే మైనస్ కోడ్ 189. ప్లస్ కూడా అంతే, ప్యాడ్ మీద 107, పైన 187. తెర మీద పడే అక్షరం రెండింటికీ ఒకటే, మీటలు మాత్రం వేరు. ఆ స్కానర్ పంపేది పై వరుస మైనస్. కీప్రెస్‌లో అక్షరాన్ని పట్టుకోవడం మానేసి, మీట కోడ్ 109ని పట్టుకోగానే స్కానర్, వేలు రెండూ ఎవరి దారిన అవి పోయాయి. మీ దుకాణంలో ఈరోజు స్కానర్ లేకపోవచ్చు. రేపు టిక్కీల మీద లేబుళ్లు అంటించి స్కాన్ చేద్దామని ఎవరో ఒకరు అంటారు.

ఎంటర్ విషయంలో మాత్రం ఈ కిటుకు పనిచేయదు. ప్యాడ్ మీది ఎంటర్‌కూ పెద్ద ఎంటర్‌కూ కోడ్ ఒకటే, 13. రెండింటినీ వేరు చేయాలంటే సందేశంతో పాటు వచ్చే ఎల్‌పారామ్ అనే సంఖ్యలో 24వ బిట్ చూడాలి. ప్యాడ్ ఎంటర్ అయితే ఆ బిట్ 1, పెద్ద ఎంటర్ అయితే 0. ఇది కీడౌన్ ఈవెంట్‌లో మీ చేతికి అందదు, ప్రాసెస్‌సీఎండీకీలో సందేశం యథాతథంగా వస్తుంది కాబట్టి అందుతుంది. దీని అవసరం చిరునామా లాంటి రెండు మూడు వరుసల గడుల్లో పడుతుంది. ప్యాడ్ ఎంటర్ తర్వాతి గడికి తీసుకెళ్లాలి, పెద్ద ఎంటర్ అదే గడిలో కొత్త వరుస ఇవ్వాలి. మిగతా అన్నిచోట్లా రెండింటినీ ఒకేలా చూడండి. అతితెలివికి పోతే గుమాస్తా గారు తికమక పడతారు.

అదే ఎల్‌పారామ్‌లో 30వ బిట్ కూడా చూడండి. మీట అప్పటికే నొక్కి ఉండి, పట్టి ఉంచడం వల్ల మళ్లీ మళ్లీ వస్తున్న సందేశమైతే అది 1 అవుతుంది. ‘తర్వాతి గడి’కి ఇలా పదేపదే రావడం పర్వాలేదు. ‘కొత్త వరుస’, ‘సేవ్’ లాంటి పనులకు ఆ బిట్ 1 ఉంటే పట్టించుకోకండి. లేకపోతే ఫోను మాట్లాడుతూ ప్లస్ మీద వేలు ఆనించిన మనిషికి పాతిక ఖాళీ వరుసలు వస్తాయి.

నమ్‌లాక్ ఆరిపోతే ప్యాడ్ మీటల కోడ్‌లే మారిపోతాయి. ఏడు హోమ్ అవుతుంది, చుక్క డిలీట్ అవుతుంది. 41.5 అని బరువు వేయబోతే అంకెలు పడవు, ఉన్నవి పోతాయి. కంట్రోల్ క్లాసులో ఇజ్‌కీలాక్డ్ అనే మెథడ్‌తో నమ్‌లాక్ స్థితి తెలుసుకుని, ఆరి ఉంటే తెర అడుగున ఎర్రగా ‘నమ్‌లాక్ వేయండి’ అని చూపండి. మీ అంతట మీరు దాన్ని వెలిగించకండి, మనిషి మీట మీద యంత్రం చేయి వేస్తే ఎవరికీ నచ్చదు.

రైతు పేరు తెలుగులో వేస్తారు కదా, అక్కడా ఒక మెలిక ఉంది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) అమరికలో టైపు చేస్తే పెద్ద ఇబ్బంది లేదు. ‘క’ వచ్చే మీటకు విండోస్ ఇచ్చే కోడ్ ఇంగ్లిష్ ‘కె’ మీటదే. కంట్రోల్ మీటతో కలిపిన సత్వరమార్గాలను మీట కోడ్ ఆధారంగా రాసుకుంటే అవి తెలుగు అమరికలోనూ చెక్కుచెదరవు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతి అయితే వేరు. మాట ఇంకా తయారవుతూ ఉన్నప్పుడు ఆ ఇన్‌పుట్ పద్ధతి చేతిలో ఉన్న మీటలు మీకు 229 అనే కోడ్‌తో రావచ్చు. అంటే ‘ఇది నా పని, నువ్వు ఆగు’ అని అర్థం. ఆ కోడ్ చూస్తే ఏమీ చేయకుండా బేస్ క్లాసుకు వదిలేయండి. లేకపోతే పేరు సగంలో ఉండగానే కర్సర్ ఊరు గడికి పారిపోతుంది.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. గవర్నర్‌పేట డీటీపీ సెంటర్లలో పనిచేసి వచ్చినవాళ్లు, పాత ‘అను’ డీటీపీ ఫాంట్ల కీబోర్డు అమరికే మీ ప్రోగ్రాంలోనూ కావాలని అడుగుతారు. ఆ పనిని అప్లికేషన్ కోడ్‌లో మొదలుపెట్టకండి. ఏ మీటకు ఏ అక్షరం రావాలన్నది కీబోర్డు అమరిక పని. మైక్రోసాఫ్ట్ కీబోర్డు లేఅవుట్ క్రియేటర్‌తో యూనికోడ్ అమరిక చేసి విండోస్‌లో వేస్తే, మీ ప్రోగ్రాంలో ఒక్క వరుస కూడా మార్చకుండా ఆ మనిషికి అన్నిచోట్లా అదే అలవాటు దొరుకుతుంది. ఏ మీటకు ఏ పని అన్నది మాత్రమే మీ కోడ్ చూసుకోవాలి.

ఇప్పుడు మైనస్ గురించి నా అభిప్రాయం. వరుస తొలగించే పని దానికి ఇవ్వకండి. నంబర్ ప్యాడ్ మీద మైనస్ సరిగ్గా ప్లస్ పైనే ఉంటుంది. కొత్త వరుస కావాలని వేలు చాచిన మనిషి చూడకుండా పాత వరుస తీసేస్తాడు. పైగా ఒక ప్రశ్న వేసుకోండి. ఎడమ చేయి చీటీల మీద ఉన్న మనిషి ఒక గడి వెనక్కి ఎలా వెళ్లాలి? షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కాలంటే చీటీల కట్ట కింద పెట్టాలి. మైనస్‌కు ‘వెనక గడి’ పని ఇవ్వండి. తొలగింపును కావాలనే రెండు చేతులూ పడే కంట్రోల్, డిలీట్ జంటకు ఇవ్వండి. చీటీలు కింద పెట్టి మరీ నొక్కే మనిషి తెలిసే నొక్కుతాడు. ప్యాడ్ మీది నక్షత్రం మీట, కోడ్ 106, ఖాళీగా ఉంది. దానికి ‘పై వరుసలో ఉన్నదే మళ్లీ’ అని పెట్టి చూడండి. ఒకే రైతు మూడు లాట్లు తెచ్చినప్పుడు రకం, ధర మళ్లీ కొట్టే పని తప్పుతుంది. ఈ ఒక్క మీటకు గుమాస్తాలు నన్ను మెచ్చుకున్నంతగా ఇంకే పనికీ మెచ్చుకోలేదు.

ఎంటర్‌తో ముందుకు నడవడం ఎందుకు అడుగుతారో కూడా గమనించండి. డాస్ రోజుల ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ ప్రోగ్రాంలలో ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్లేది. ట్యాలీలో ఈనాటికీ అంతే. వాళ్ల వేళ్లకు ఆ నడక వచ్చు. కాబట్టి సేవ్‌కు కూడా ట్యాలీలాగే కంట్రోల్, ‘ఎ’ జంట పెడితే నేర్పే పని ఉండదు. టెక్స్ట్‌బాక్స్‌లో ఆ జంటకు అంతా ఎంపిక చేసే అర్థం ఉన్నా, బిల్లు వేసే మనిషి దాన్ని వాడగా నేను చూడలేదు.

చివరగా, ప్రతి దుకాణం తనకు తోచిన మీటలు అడుగుతుందని రాశారు. మీట కోడ్‌లను స్విచ్ కేసుల్లో అక్కడక్కడ చల్లకండి. ఒక డిక్షనరీ పెట్టుకోండి, ఎడమ వైపు మీట, కుడి వైపు పని పేరు. దాన్ని దుకాణానికి ఒక సెట్టింగుల ఫైలులో ఉంచండి. గ్రిడ్, ఫారం రెండూ ప్రాసెస్‌సీఎండీకీలో ఆ ఒక్క పట్టికనే సంప్రదించాలి. ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ దుకాణానికి 107 స్థానంలో ఏదో ఒక ఫంక్షన్ మీట రాసిస్తే సరిపోతుంది, కొత్త కోడ్ అక్కర్లేదు. ఎఫ్10 మాత్రం ఇవ్వకండి, మెనూ తెరవడానికి విండోస్ దాన్ని తన కోసం ఉంచుకుంది. ఫైలు చదివేటప్పుడు ఒకే మీటకు రెండు పనులు రాసి ఉంటే ఒప్పుకోకుండా, ఏ రెండు పనులు తగువు పడుతున్నాయో తెలుగులో చెప్పండి. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు షిఫ్ట్ పట్టుకుని ఉంటే ఫైలును పక్కన పెట్టి మొదటి అమరికతో తెరుచుకునేలా చేయండి. ఎంటర్‌కు ఏ పనీ లేకుండా సేవ్ చేసుకున్న ఒక పెద్దమనిషి రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినప్పుడు, బైకు తీయకుండా కుర్చీలో కూర్చునే ఆయన సమస్య తీర్చగలిగింది ఆ షిఫ్ట్ వల్లే.